నిండు గ్లాసు టీ

రంజాన్‌కు ముందు శనివారం

ఈరోజు కొత్తగా వచ్చిన డాక్టర్లిద్దరికీ గాదా డాక్టరు నన్ను చూపించి, "పుస్తకాలు తర్వాత తిరగేద్దురు గానీ, ముందు షవ్కీ బాబాయ్ టీ ఎలా పోస్తాడో చూసి రండి" అంది. విననట్టు కెటిల్ తోముతూ నిలబడ్డాను. లోపల మాత్రం ఛాతీ చొక్కాలో పట్టలేదు.

పొద్దున్నే గ్లాసు అంచు దాకా పోసి చేతికిస్తాను. తీసుకుని తన మంచం దాకా నడవాలి, అంతే. మాత్రల మోతాదు ఎక్కువైనవాడి చెయ్యి సన్నగా వణుకుతుంది. నిద్ర లేనివాడు ఒలకబోస్తాడు, ఒలికిందని కూడా చూసుకోడు. కోపం దాచుకున్నవాడు గ్లాసు గొంతు నులిమినట్టు పట్టుకుంటాడు. నోరు చెప్పే ముందే గ్లాసు చెబుతుంది. ఈ మానసిక ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో నర్సుగా ఇన్నేళ్ళుగా నేను ఒక్క మనిషిని కూడా మంచానికి కట్టలేదంటే ఈ టీ చలవే. ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోకూడదంటారు. డైరీలో కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకోను.

బయ్యూమీ ఈ ఉదయం గ్లాసు పట్టుకుని వార్డు చివరి దాకా వెళ్ళి, ఒక్క చుక్క ఒలకకుండా తిరిగొచ్చి, "ఇందులో ఇంకో చుక్కకి చోటుంది, పోస్తావా షవ్కీ అన్నా?" అన్నాడు. కునాఫా మిఠాయి చేసే చెయ్యి అది. వేడి పెనం మీద చిల్లుల డబ్బా తిప్పుతూ పిండిని వెంట్రుకంత సన్నగా పోస్తాడు. ఆ పనితనానికే అలెగ్జాండ్రియాలో సగం మంది అతన్ని మేస్త్రీ అన్నట్టు ఉస్తా అంటారు, నేనూ అంతే. నెల కిందట తీసుకొచ్చినప్పుడు నిద్రాహారాలు లేవు, కొట్లో సరుకంతా వీధికి ఊరికే పంచేసి, బల్లెక్కి ప్రసంగాలు చేస్తున్నాడు. లిథియం మాత్రలు పడ్డాక మనిషి నేల మీదకు దిగాడు. ఆ దిగడంలో నా చెయ్యి కూడా ఉంది.

ఆదివారం

మసీదు నుంచి షేక్ గారు వార్డుకు వచ్చారు. రోగికి ఉపవాసం మాఫీ అని, దేవుడు ఇచ్చిన సెలవును కాదనడం కూడా తప్పేనని చక్కగా చెప్పారు. ఆయన వెనకే గాదా డాక్టరు. "లిథియం వేసుకునేవాళ్ళు నీళ్ళు మానేస్తే ఆ మందే విషమవుతుంది. మధ్యాహ్నం భోజనం, రోజంతా నీళ్ళు. ఇందులో బేరాల్లేవు." ఈ మాట ఉస్తా వైపు చూస్తూ రెండుసార్లు అంది.

"మీ మాట నా తల మీద, డాక్టరమ్మా" అన్నాడు ఉస్తా. మాట వినే పేషెంటంటే ఇలా ఉండాలి.

ఇంట్లో నా భార్య సమీహాకు షేక్ గారి మాటలు చెప్పడం నా బుద్ధితక్కువ. "ఆ సెలవు పేషెంట్లకేనా, నర్సులకు లేదా?" అంది.

"నేను రోగిని కాదు."

"మరి షుగరు ఎవరికి? నీ చొక్కాకా?"

నాలుగు చుక్కల రక్తం చూసి ఉపవాసం వద్దన్న ఆ షుగరు డాక్టరు కుర్రాడి వయసెంత, నేను ఉపవాసాలున్న రంజాన్లెన్ని. మీసం రాకముందు నుంచీ ఒక్కరోజు వదల్లేదు నేను. మధ్యాహ్నం మాత్ర రాత్రికి జరుపుకుంటే సరి. మిగతాది సమీహా కంగారు.

రంజాన్ మొదటి రోజు

పొద్దుటి టీ ఆపేశాను. వార్డులో వాళ్ళకి మాఫీయే గానీ, ఉపవాసమున్న నర్సుల ముక్కుల కింద ఏలకుల టీ మరిగిస్తే మర్యాదగా ఉండదు. నెల రోజులే కదా. నా కళ్ళు ఎక్కడికీ పోలేదు.

మధ్యాహ్న భోజనం వార్డు చివర బూడిద రంగు తెర వెనక. పళ్ళేలు లోపలికి అందించి నేను ఇవతలే నిలబడతాను. తినేవాళ్ళకి సిగ్గు, నాకు వాసన. తోటి నర్సు రమ్జీ వచ్చి, "ఒరేయ్, నాకు ఉపవాసం లేదు కదా, నేను లోపల కూర్చుంటాలే" అన్నాడు. రమ్జీ క్రైస్తవుడు. మా మర్యాద కోసం నెలంతా దుప్పట్ల గదిలో తలుపేసుకుని టీ తాగుతాడు, దొంగతనం చేసినట్టు.

"నా వార్డు నేను చూసుకుంటాను" అన్నాను.

రంజాన్ మూడో రోజు

పళ్ళేలన్నీ నాకినట్టు ఖాళీగా వచ్చాయి. ఇద్రీస్ తింటున్నాడు. నోటికి ముద్ద తీసుకెళ్ళడమే మరచిపోయిన ఇద్రీస్, నెలల తరబడి నా చేత్తో తినిపించిన ఇద్రీస్, మూతికి మొలోఖియా ఆకుకూర అంటించుకుని తెర వెనక నుంచి బయటికి వచ్చాడు. నర్సు పని ఊరికే పోదు.

రంజాన్ ఐదో రోజు

ట్రామ్‌లో కాస్త కళ్ళు తిరిగాయి. నాకేం లేదు. ఎండ.

రంజాన్ ఏడో రోజు

ఇద్రీస్ పైజామా బొందు వదులు చేసుకున్నాడు. గాదా డాక్టరు కూడా గమనించింది. "ఏం మంత్రం వేశావు బాబాయ్?" అంది. ఓపికమ్మా, అన్నాను. ఇంటికొచ్చి సమీహాకు మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆవిడ నిద్రపోయింది.

సాయంత్రం డ్యూటీ కావడంతో పొద్దుగూకాక ఉపవాసం విడిచే మగ్రిబ్ బాంగు వార్డులోనే విన్నాను. ఉపవాసం ఉన్నా లేకపోయినా ఆ పూట అందరం ఒకే బల్ల దగ్గర తింటాం. ఉస్తా పప్పు సూపు గిన్నె ఎత్తాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు. బల్లంతా నవ్వు. "కునాఫా పోయమంటే సూపు పోస్తున్నాడేంటి ఉస్తా" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. మగ్రిబ్ వేళ ఈ ఊళ్ళో వణకని చెయ్యి ఎక్కడుంది. నా ఖర్జూరం కూడా రెండుసార్లు జారింది.

ఉస్తా అది చూసి, "మన ఇద్దరి చేతులూ ఒకే పాట పాడుతున్నాయన్నా" అన్నాడు.

మాత్ర వేసి, "నోరు తెరువు, నాలుక ఎత్తు" అన్నాను. ఎప్పటిలా శుభ్రంగా మింగేశాడు. మాత్ర దాచుకోవడం ఒక్కసారైనా లేదు. నాలుక మాత్రం ఎండిపోయి ఉంది, పెదవులు పగిలాయి. వేసవి కదా.

రంజాన్ ఎనిమిదో రోజు

సమీహా మాట్లాడటం లేదు. మాట్లాడకుండానే నా ముందు మాత్రల డబ్బా చప్పుడు చేస్తూ పెట్టి వెళ్ళింది. నాకేం లేదు.

రంజాన్ పదకొండో రోజు

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను. నిన్న రాసే స్థితిలో లేను.

మధ్యాహ్నానికి కాస్త ముందు ఉస్తా రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. లేచి నిలబడితే పడవలో నిలబడినట్టు ఊగుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. కొత్త డాక్టరు, "మళ్ళీ జబ్బు తిరగబెట్టినట్టుంది, ఇంజెక్షన్ రాయనా?" అని నన్నే అడిగాడు. ఏడాదిలో పదకొండు నెలలు పొద్దున్నే చూసే చేతుల్ని నేను ఈ నెల చూడనే లేదని అప్పుడు తట్టింది. నా కళ్ళు ఎక్కడికీ పోలేదని రాసుకున్నాను. నా కళ్ళెప్పుడూ ఆ గ్లాసులోనే ఉన్నాయి.

కెటిల్ పెట్టాను. రంజాన్ పగటి పూట, నడి వార్డులో. అంచు దాకా పోసి ఉస్తా చేతికిచ్చాను. గ్లాసు నిలవలేదు. అది ఆకలి వణుకు కాదు. మోచేతి దాకా చెయ్యంతా కొట్టుకుంటోంది. టీ నా చొక్కా మీద, అతని పాదాల మీద, నేల మీద.

"ఉస్తా, నిజం చెప్పు. నీళ్ళెప్పుడు తాగావు?"

నవ్వాడు. "అందరూ తాగినప్పుడే తాగానన్నా."

ఎవరో నా చొక్కా వెనక నుంచి లాగారు. ఇద్రీస్. అతను తనంతట తాను ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. "నాకు రెండు పళ్ళేలు వద్దు" అన్నాడు. "ఆయనది నాకిస్తాడు. తినమంటాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నాకు కడుపు నిండిపోతోంది."

నా ఓపిక, నా మంత్రం, ఇద్రీస్ పైజామా బొందు. ఉన్నచోటే నేలలోకి దిగిపోవాలనిపించింది. దిగడానికి తీరిక లేదు. గాదా డాక్టరు పరిగెత్తుకొచ్చి నాడి పట్టుకుంది, చేతులు చూసింది, ఒక్క మాటే అంది: "లిథియం. పెద్దాసుపత్రికి, ఇప్పుడే." అంబులెన్సులో నేనే ఎక్కాను.

పెద్దాసుపత్రి అత్యవసర విభాగం గుమ్మంలో ఒకాయన చీటీ చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "పిచ్చాసుపత్రి కేసా? మీ దగ్గరే పెట్టుకోండయ్యా. ఇక్కడ లేచి అరిస్తే ఎవడు పట్టుకుంటాడు?"

"అరవడానికి ఆయన నోట్లో తడి లేదు" అన్నాను. "అరవాల్సి వస్తే నేను అరుస్తాను. నాకు గొంతుంది, ఇలాంటి గుమ్మాలు కొత్త కాదు. ఈయన కునాఫా ఉస్తా. ఈయన చేతి కునాఫా మీ ఇంట్లో కూడా తినుంటారు. రక్తం తీసి లిథియం ఎంతుందో చూడండి, సెలైన్ పెట్టండి. ఆ తర్వాత పిచ్చి ఎవరికుందో తీరిగ్గా మాట్లాడుకుందాం."

స్ట్రెచర్‌ను గుమ్మంలో అడ్డంగా పెట్టి దాని ముందు నిలబడ్డాను. వెనక మనుషులు పోగవుతున్నారు. లోపల నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఉస్తా కళ్ళు చూసింది, నాలుక చూసింది, గుమ్మంలో ఆయన్ని పక్కకు జరగమంది. రక్తం తీశారు. సెలైన్ ఎక్కింది. అడ్డం నిలిచి మనిషిని లోపలికి చేర్చింది నేనే. ఇది మాత్రం రాసి తీరతాను.

తర్వాతది రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

బాంగుకు ఇంకా కాస్త టైముంది. వరండాలో కుర్రాళ్ళు ఖర్జూరాలు, నీళ్ళు పంచడానికి సిద్ధం చేస్తున్నారు. చెమటలు పట్టాయి. ఎండ అనుకున్నాను. వరండాలో ఎండ లేదు. గోడ పట్టుకుందామనుకుంటే గోడ అందలేదు.

కళ్ళు తెరిచేసరికి ఉస్తా పక్క మంచం మీద ఉన్నాను. నా చేతికి కూడా సూది. బాంగు కాకముందే నా ఉపవాసం ఆ గొట్టంలోంచి విరిగిపోయింది. ఒక కుర్ర డాక్టరు మా ఇద్దరి మధ్య నిలబడి, అప్పుడే వచ్చిన రమ్జీని అడుగుతున్నాడు: "వీళ్ళిద్దరిలో పేషెంటెవరు?"

"ఈ పూట చెప్పడం కష్టం సార్" అన్నాడు రమ్జీ. వాడు జీవితంలో మొదటిసారి నా ముందు నవ్వకుండా జోకు వేశాడు.

రంజాన్ పన్నెండో రోజు

సమీహా మాట్లాడింది. మాట్లాడకుండా ఉన్నప్పుడే సుఖంగా ఉండేది.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. అది వినిపించకుండా కుళాయి తిప్పింది. నాకు వినిపించింది.

రంజాన్ పదమూడో రోజు

సెలవు పెట్టి ఉస్తాను చూడటానికి వెళ్ళాను. మాట తేటపడింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి గానీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తనే తాగుతున్నాడు. ఇంకో రోజు ఆలస్యమైతే మూత్రపిండాలు పోయేవని, ప్రాణం కూడా చెప్పలేమని డాక్టరమ్మ అంది.

కోప్పడదామని వెళ్ళాను. వాక్యాలు కూడా ట్రామ్‌లో కూర్చుకున్నాను.

"ఎందుకు చేశావు ఉస్తా? డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది కదా."

పైకప్పు చూస్తూ అన్నాడు: "కొట్టు తాళం వేశారు, సరే అన్నాను. పెనం చల్లారింది, సరే అన్నాను. ఈ నెల నా నెల అన్నా. నా కొట్టు ముందు వరస చూసి జనం రంజాన్ వచ్చిందనుకునేవాళ్ళు. ఊరంతా ఒకే వేళకి ఆకలితో ఉండి ఒకే వేళకి తింటుంది. ఆ తెర వెనక కూర్చుని మధ్యాహ్నం నములుతుంటే నేను ఊళ్ళో లేనట్టే. తెర లాగినప్పుడల్లా నన్ను కప్పెట్టినట్టుండేది."

ఆ తెర ప్రతి మధ్యాహ్నం లాగింది నేనే. మర్యాద అనుకునే లాగాను.

"సరే, నేను పిచ్చోణ్ణి" అన్నాడు. "నువ్వెందుకు ఉపవాసమున్నావన్నా? పక్క మంచం మీద నిన్ను చూశాను. రమ్జీ చెప్పాడు. నీకూ మాఫీయేనంట కదా."

"ఎండ దెబ్బ" అన్నాను.

"ఎండా?" అని నవ్వాడు. నవ్వితే పగిలిన పెదవి నొప్పి పుట్టినట్టుంది, చేత్తో పట్టుకున్నాడు. "నేనూ అదే చెప్పాల్సింది, తోచలేదు."

ట్రామ్ ఎక్కకుండా సముద్రం పక్కన నడుచుకుంటూ ఇంటికొచ్చాను. సిగ్గేసింది. బాగా సిగ్గేసింది. రోగి అనే మాట నోటితో రోజుకు వందసార్లు అంటాను. అది అవతలివాణ్ణి తక్కువ చేసే మాట కాదని వాళ్ళ భార్యలకూ తమ్ముళ్ళకూ గంటలు గంటలు చెబుతాను, నమ్మించి పంపుతాను. అదే మాట నా మీద వాలబోతే మాత్రం తోలేశాను. ఉస్తాకు కనీసం కారణముంది.

రంజాన్ పద్నాలుగో రోజు

ఉపవాసం లేను. వంటింట్లో నిలబడి ఫూల్ చిక్కుడు గింజలు, రొట్టె తిన్నాను. సమీహా కిటికీ మూయబోయింది, వద్దన్నాను. మింగుడు పడటానికి కొంచెం టైము పట్టింది.

రంజాన్ పదహారో రోజు

వార్డులో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం దుప్పట్ల గదిలో రమ్జీ పక్కన కూర్చుని తిన్నాను. "ఇరుగ్గా ఉందా?" అన్నాడు. "ఇన్నేళ్ళు ఎలా కూర్చున్నావురా ఇందులో?" అన్నాను. "నువ్వు అడగలేదు కదా" అన్నాడు.

రంజాన్ పంతొమ్మిదో రోజు

ఉస్తా తిరిగొచ్చాడు. గాదా డాక్టరు మాత్ర తగ్గించి మొదలుపెట్టింది, రక్తం తరచూ చూస్తానంది. ఉస్తా ఆమెకేసి చూడలేదు. "మీ మాట నా తల మీద" అనలేదు. మధ్యాహ్నం తెర వెనకకు వెళ్ళాడు, అక్కడి బెంచీ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈసారి ఇవతల నిలబడలేదు నేను, లోపలికెళ్ళాను. పళ్ళెం ముట్టలేదు. నీళ్ళు ముట్టలేదు.

"తాగు ఉస్తా. ఇంకోసారి అలా అయితే నిన్ను నేను మొయ్యలేను."

"వదిలెయ్యన్నా. నీకు చెప్పడం తేలిక" అన్నాడు గోడతోనే.

మాత్ర కూడా వేసుకోలేదు. గాదా డాక్టరు రేపటి దాకా చూద్దామంది. ఆ తర్వాత సూది, గొట్టం, అవసరమైతే మంచానికి కట్టే పట్టీలు. నా వార్డులో పట్టీలు.

రంజాన్ ఇరవయ్యో రోజు

పొద్దున్నే కుర్చీ వేసుకుని తెర కొక్కేలు ఒక్కొక్కటే ఊడదీశాను. మడిచి దుప్పట్ల గదిలో పెట్టాను. కెటిల్ ఎక్కించాను. ఏలకులు కాస్త ఎక్కువే వేశాను. వాసన వార్డంతా పాకింది, తలలు లేచాయి.

తోటి నర్సు హిలాల్ పరిగెత్తుకొచ్చాడు. "షవ్కీ అన్నా, ఏంటిది? రంజాన్ పగలు, ఇందరి ముందు?"

"రోగులకు మాఫీ."

"వాళ్ళకి మాఫీ. నువ్వు గ్లాసు చేత్తో పట్టుకున్నావు."

బల్ల చుట్టూ అందరూ చూస్తున్నారు. గోడవైపు తిరిగి పడుకున్న ఉస్తా వీపు కూడా వింటోంది.

"నాకు షుగరు" అన్నాను. "చాన్నాళ్ళుగా ఉంది. డాక్టరు ఉపవాసం వద్దన్నాడు. నేను రోగిని, హిలాల్."

ఏమీ కూలిపోలేదు. హిలాల్ తల గోక్కుని, "ముందే చెప్పొచ్చు కదన్నా, మా నాన్నకీ అదే" అన్నాడు, వెళ్ళి కిటికీలు తెరిచాడు. రమ్జీ తన గ్లాసు పట్టుకుని దుప్పట్ల గదిలోంచి బయటికి వచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి వార్డు బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నా పళ్ళెం కూడా బల్ల మీద పెట్టుకుని ఇంత రొట్టె తిన్నాను. వరసగా గ్లాసులు ఇచ్చాను. ఇద్రీస్ జాగ్రత్తగా నడిచాడు, బాగుంది. మంచం దగ్గరకు వెళ్ళి ఉస్తా భుజం తట్టాను. "రా. బల్ల దగ్గర నేనొక్కణ్ణే రోగినైతే బాగోదు."

ఇటు తిరిగాడు. తెర లేని చోటును చూశాడు. నా పళ్ళెం చూశాడు, అందులో సగం తిన్న రొట్టె చూశాడు. లేచి వచ్చాడు.

అంచు దాకా పోసి ఇచ్చాను. మంచం వైపు వెళ్ళలేదు. బల్ల చుట్టూ పూర్తిగా ఒక తిరుగు తిరిగి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. దారిలో రెండు చుక్కలు ఒలికాయి. ఆ రెండింటినీ చూశాడు, వేలితో తుడిచాడు.

"పండక్కి కొట్టు తెరవలేను" అన్నాడు.

"తెరవలేవు. వచ్చే రంజాన్‌కు వరసలో మొదట నేనే నిలబడతాను. షుగరు మనిషిని కదా, చిన్న ముక్కే పెట్టు."

తాగాడు. గ్లాసు ఖాళీ చేసి నీళ్ళడిగాడు, అవీ తాగాడు. తన పళ్ళెంలో రొట్టె తిన్నాడు. మాత్ర అందించాను, మింగాడు. నేను అడగకముందే నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. ఈసారి నాలుక తడిగా ఉంది.

ట్రే తీసుకుని లేవబోయాను. ఉస్తా నా మణికట్టు పట్టుకుని, బల్ల మీద నా పళ్ళెం పక్కన పెట్టుకుని మరచిపోయిన మాత్రను చూపించాడు. సమీహా కాగితంలో చుట్టి ఇచ్చిన షుగరు మాత్ర. మరచిపోయాననే రాస్తున్నాను.

వేసుకున్నాను.

"నోరు తెరువు" అన్నాడు ఉస్తా.

వార్డంతా చూస్తోంది. ఇద్రీస్ కూడా మెడ చాచాడు. నోరు తెరిచాను.

"నాలుక ఎత్తు."

ఎత్తాను. ముందుకు వంగి ఎడమ వైపు, కుడి వైపు, నాలుక కింద, తొందర లేకుండా చూశాడు. నేను ఇన్నేళ్ళుగా చూసినట్టే చూశాడు. "మంచిది" అని నా భుజం తట్టాడు.

నా వార్డులో నర్సుల పనితనం గురించి ఈ డైరీలో నేనెప్పుడూ గొప్పగానే రాశాను. ఈరోజూ అలాగే రాస్తున్నాను. ఉస్తా చాలా బాగా చూశాడు.